అవ్వను తునికి చెట్టు దాకా తీసుకెళ్లిన రోజు

మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. జగిత్యాల దగ్గర మా పాత ఊళ్లో, పక్కింటి రాజవ్వ పెద్దమ్మతో కలిసి ఒకే వరండాలో కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని చుట్టేది. రాత్రి తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకును పొద్దున్నే కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అదే పని. ఇప్పుడు అవ్వ కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటుంది. పోయిన చలికాలం నెమ్ము చేసి దవాఖానలో పడి లేచాక, మంచం నుంచి గేటు దాకా నడవడమే ఆమెకు పెద్ద పనైంది. నేను బడిలో టీచర్ని. వేసవి సెలవులు రాగానే ఆమెను ఒక్కరోజైనా చెట్ల మధ్యకు తీసుకెళ్లాలనుకున్నాను. ఎవరిని అడిగినా కొండగట్టుకు తీసుకుపొమ్మన్నారు. పెద్దవాళ్ల ప్రయాణం అనగానే అందరికీ గుడే గుర్తొస్తుంది. చివరికి అవ్వనే అడిగాను.

"తునికి చెట్టు చూడాలె బిడ్డా," అంది అవ్వ. "గన్నేండ్లు ఆకు కత్తిరించిన. చెట్టెట్లుంటదో చూడలే."

నేనూ చూడలేదు. ఆ ఆకు మీదనే చదువుకున్నదాన్ని, ఆ చెట్టు ఎదురుగా నిలబడినా గుర్తుపట్టలేను. ఆ రోజే గట్టిగా అనుకున్నాను, ఈ ఎండాకాలం దాటేలోపు అవ్వ ఆ చెట్టును చూడాల్సిందే అని.

అనుకోవడం తేలికే. జన్నారం వైపు అడవిలో సఫారీ బండి ఉంది గానీ, దాని మెట్టు ఎక్కడం వెంట రావాల్సిన, మోకాళ్ల నొప్పులున్న రాజవ్వ పెద్దమ్మ వల్ల కాదు, ఆ కుదుపులు అవ్వ వల్ల కాదు. జలపాతాలకు మెట్లు, పైగా ఎండాకాలం నీళ్లుండవు. దారి చూపించింది మా వీధిలో కారు నడిపే సదానందం. అతని అత్తగారి ఊరు లక్సెట్టిపేట దాటాక అడవి అంచునే ఉంది. "మా వదిన పోసక్క ఆకు కోతకు పోతది మేడం. గిప్పుడు ఆకు కోసే దినాలే. కారు చెట్ల దాకా పోతది, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. డాక్టరు వద్దనలేదు. ఎండ ముదిరేలోపు నీడకు చేరాలని, ఊపిరి పీల్చే మందు పంపు చేతిలోనే ఉండాలని, ఆయాసం వస్తే అక్కడికక్కడే కూర్చోబెట్టాలని చెప్పాడు. రాజవ్వ పెద్దమ్మను ముందురోజే ఊరి నుంచి పిలిపించాను. ఆమె రాకుండా అవ్వ బయలుదేరదని నాకు తెలుసు.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. కారు కిరాయి డీజిల్‌తో కలిపి మూడున్నర వేలు మాట్లాడుకున్నాం. డిక్కీలో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, మడతపెట్టే కమోడ్ కుర్చీ, రెండు పాత దుప్పట్లు, కూజా నిండా చల్లటి అంబలి, ఒక డబ్బాలో పెరుగన్నం, ఇంకో డబ్బాలో సర్వపిండి పెట్టుకున్నాం. చొప్పదండి, ధర్మారం మీదుగా దారి బాగుంది. ధర్మారంలో ఇడ్లీలు కట్టించుకుని కారులోనే తిన్నాం, ఎక్కి దిగే శ్రమ లేకుండా. రాయపట్నం వంతెన మీద సదానందం అడగకుండానే వేగం తగ్గించాడు. ఎండకు గోదావరి నీళ్లు వెనక్కి జరిగాయి, ఒడ్డు పొడవునా ఇసుక. అవ్వ అద్దం దించుకుని ఆ గాలికి కళ్లు మూసుకుంది. పెద్దమ్మ మాత్రం దారి పొడవునా ప్రతి చెట్టునూ చూపించి "గిదేనా?" అని అడుగుతూనే ఉంది. సదానందం ప్రతిసారీ ఓపికగా "గిది మోదుగ పెద్దవ్వా, గిది ఇప్ప" అని చెబుతూనే ఉన్నాడు.

ఏడున్నరకు ఊరు చేరాం. పోసక్క అప్పటికే ఒక విడత ఆకు కోసుకొచ్చి, మా కోసం ఇంటి ముందు నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి, కొంగు నడుముకు బిగించి, తలకు తువ్వాల చుట్టుకుంది. ఊరి వెనక మట్టిబాట మీద కారు ఇంకొంచెం లోపలికి పోయి ఆగింది. అక్కడ ఆమె చూపించినవి మోకాలెత్తు మొక్కలు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని దిగింది. చాలాసేపు వాటివైపు చూసింది. "గిదేనా చెట్టు?" అంది. ఆ గొంతులో నిరాశ దాచుకోలేకపోయింది.

"ఏటా ఎండలు రాకముందే కొడతరు అవ్వా," అంది పోసక్క. "కొడితెనే లేత చిగురొస్తది. గా చిగురే మీ ఆకు."

కుర్చీ తెచ్చి మొక్క పక్కనే వేశాను. అవ్వ కూర్చుని ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుంది. మేము చూసిన తునికాకు ఎండిపోయి, తడిపి మెత్తబరచినది. ఇది ఎర్రగా, సన్నని నూగుతో, పసిపిల్ల చెవిలా ఉంది. అవ్వ దాన్ని తెంపలేదు. బొటనవేలితో ఈనె వెంట నిమిరింది. ఎన్నో లక్షల ఆకుల మీద అలాగే నిమిరిన వేలు అది.

"పెద్దగయితే ఎట్లుంటది?" అని అడిగింది.

పోసక్క చెయ్యి చాపింది. బాటకు అవతల, చేను గట్టు దాటి, రాళ్ల నేల మీద ఒక్క చెట్టు నిలబడి ఉంది. ఎవరూ కొట్టకుండా వదిలేసిందట, పండ్ల కోసం. మామూలు మనిషికి రెండు నిమిషాల నడక. మధ్యలో కొట్టేసిన మొక్కల మోడులు, కంకర రాళ్లు. కారు అక్కడికి పోదు.

"ఇక్కడి నుంచే కనబడుతోంది కదా అవ్వా," అన్నాను.

"కనబడితే చూసినట్టు కాదు. గింత దూరమొచ్చి దాన్ని ముట్టకుండ పోతనా?"

నాకు డాక్టరు మాటలు గుర్తొచ్చాయి. ఎండ అప్పటికే వీపు మీద చురుక్కుమంటోంది. వద్దని గట్టిగా చెప్పబోయాను. అవ్వ మాత్రం కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. "కుర్చీ నువ్వు పట్టుకో. నేను నడుస్త. నా పానం కూసోమన్న కాడ నువ్వు దాన్ని వెయ్యి. గంతే," అంది. కారులో నుంచి రాజవ్వ పెద్దమ్మ, "పోనియ్యి బిడ్డా, అదెప్పుడన్న ఒకరి మాట విన్నదా," అంది.

అలాగే పోయాం. ఒక పక్క పోసక్క, ఇంకో పక్క సదానందం, వెనక కుర్చీతో నేను. కొంచెం నడవడం, కూర్చోవడం. మళ్లీ కొంచెం నడవడం. కుర్చీ కాళ్లు మట్టిలో దిగబడుతుంటే పోసక్క చదునైన రాళ్లు తెచ్చి కింద పెట్టింది. గట్టు దాటేటప్పుడు అవ్వకు దగ్గు అందుకుంది. ఆగలేదు. ముఖం నల్లబడింది, పెదవులు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. కుర్చీలో కూర్చోబెట్టి, పంపు నోటికి పెట్టి నొక్కాను. సదానందం తువ్వాలతో నీడ పట్టాడు. ఆమె గుండె మీద చెయ్యి వేసి, ఊపిరి ఒక దారికి వచ్చేదాకా ఎదురుచూశాను. వెనక్కి పోదామని నేనన్నది ఆమె విన్నదో లేదో, చెట్టు వైపే చూస్తూ కూర్చుంది. కొంతసేపటికి తనే, "ఇగ లేపు," అంది.

నేను లేపాను. ఆ క్షణం నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ చెప్పలేను. కానీ ఆమె చెట్టు దగ్గరికి చేరింది. మొసలి వీపులా పగుళ్లు దేరిన నల్లటి బెరడు. అవ్వ రెండు అరచేతులూ దాని మీద ఆనించి, నుదురు కూడా ఆనించి నిలబడింది. పైన కొమ్మల్లో పసుపు పండ్లున్నాయి. పోసక్క దోటితో నాలుగు రాల్చింది. చెట్టు నీడలో కుర్చీ వేశాక, తనూ రాయి మీద కూర్చుని మాట్లాడింది.

"మేం కట్టలు కట్టి కల్లంల ఆరబెడతం అవ్వా. లారీ వస్తది, ఎత్తుకపోతది. గది ఎటు పోతదో ఎన్నడు చూడలే."

అవ్వ ఆమె చేతిని అందుకుంది. ఆకు జిగురుతో నల్లబడిన వేళ్లు అవి. "మా ఇంటికే వచ్చింది బిడ్డా," అంది. "గిన్నేండ్లు మా ఇంటికే వచ్చింది."

పోసక్క అవ్వ వైపు కొంచెం జరిగింది. ఈ దగ్గు ఆకుతోనే వచ్చిందా అని మెల్లగా అడిగింది. "ఆకు నన్నేం జెయ్యలే. తంబాకు దుమ్ము జేసింది," అంది అవ్వ.

తిరిగి కారు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. పెద్దమ్మ పండు తొక్క ఒలిచి నోట్లో వేసుకుని, "ఆకేమో అంత వగరు, పండు గింత తీపా?" అని ఇంకోటి అడిగింది. పోసక్క వాళ్ల వేపచెట్టు కింద దుప్పట్లు పరుచుకుని, అంబలి తాగి, సర్వపిండి తిని, పదకొండుకు బయలుదేరాం. పోసక్కకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. సర్వపిండి డబ్బా మాత్రం ఉంచేసుకుంది. రెండు దాటేసరికి కరీంనగర్‌లో ఇంట్లో ఉన్నాం.

తర్వాత రెండు రోజులు అవ్వకు దగ్గు ఎక్కువైంది. నన్ను నేను తిట్టుకున్నాను. డాక్టరు మందు మార్చాడు, మూడో రోజుకు తగ్గింది. అవ్వ మాత్రం ఆ రెండు రోజులూ ఫోన్‌లో దొరికినవాళ్లందరికీ తునికి పండు రుచి చెబుతూనే ఉంది. మనం పెద్దవాళ్లను బయటికి తీసుకెళ్లేటప్పుడు వాళ్లకు ఏమవుతుందోనన్న భయంతో దారి మొత్తం మనమే గీసేస్తాం. ఆ భయం అవసరమే, అది లేకపోతే పంపు నా చేతిలో ఉండేది కాదు. అయినా ఆ రోజు నా భయం మాట విని ఉంటే, అవ్వ కారు పక్కన మోకాలెత్తు మొక్కను చూసి తిరిగి వచ్చేది.

మీరూ ఇలా బయలుదేరితే, చేతులున్న కుర్చీ ఒకటి, మట్టిలో దాని కాళ్లు దిగబడకుండా ఒక చెక్క పలకా తప్పకుండా పెట్టుకోండి. ఆ కుర్చీ ఎక్కడ వెయ్యాలో మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి.