మస్తానన్న సీటు

మొన్న సీటు విప్పుతుంటే కింది నుంచి ఒండ్రు రాలింది. గుప్పెడు కూడా ఉండదు. పాత తోలు వాసన, పెట్రోలు వాసన, వాటి వెనకే ఎండిపోయిన బురద వాసన. ముక్కుకు తగలగానే ఆరేళ్ల కిందటి కోపం మళ్లీ రగిలింది. కల్లూరులోని నా షెడ్డుకు సీట్లు కుట్టించుకోవడానికి ఎన్నో బండ్లు వస్తుంటాయి. ఈ కారు మాత్రం మళ్లీ ఈ గడప తొక్కుతుందని అనుకోలేదు. పైకప్పు లేని, రెండే సీట్లున్న పాత విదేశీ స్పోర్ట్స్ కారు. దీన్ని బతికించింది మస్తానన్న.

మస్తానన్న మెకానిక్. ఈ షెడ్డు అప్పుడు ఆయనదే. జాకెట్లు కుట్టుకునే నన్ను పిలిచి, "గుడ్డ కుట్టే చెయ్యి తోలు కుట్టలేదా? రామ్మా" అని సీట్ల పని నేర్పించాడు. ఆడమనిషికి షెడ్డులో ఏం పని అని నలుగురూ నవ్వితే, "ఆ యమ్మ కుట్టిన సీటు మీద కూర్చోని నవ్వండప్పా" అనేవాడు. ఆయనకు ఒకటే పట్టింపు: బండి గురించి అబద్ధం చెప్పకూడదు. ఒకసారి సీటు సగం కూడా కుట్టకుండానే సాయంత్రానికి ఇస్తానని ఓనరుకు చెప్పాను. నా చేతే మళ్లీ ఫోను చేయించి, రేపటిదాకా కాదని చెప్పించాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

కారు ఒక నాపరాళ్ల గనుల ఆసామిది. తుక్కుగా వచ్చింది. మస్తానన్న ఎనిమిది నెలలు దాని కిందే పడుకున్నాడు. బయట దొరకని సామాను దగ్గరుండి లేత్ మీద చేయించాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"సార్, బండి లేచినంక మొదటి దినం నన్ను పక్కన కూర్చోబెట్టుకోని మా ఊరికి తీసుకపోవల్ల."

"యాడ మీ ఊరు?"

"రిజర్వాయరులో ఉండాది సార్."

ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊరది. నీళ్లు బాగా తగ్గిన ఎండాకాలం ఒక దిబ్బ మాత్రం తేలుతుంది. మూడు పక్కలా నీళ్లు, ఒక పక్క ఎండిన ఒండ్రు. ఆ దిబ్బ మీద ఆయన తల్లి సమాధి. అంత దూరం నడవడానికి ఆయనకు మోకాళ్లలో సత్తువ లేదు. పైగా తన చేత్తో లేపిన బండిలోనే అమ్మ దగ్గరికి పోవాలని పంతం. "దానికేం మస్తాన్, తప్పకుండా" అని ఆసామి మాటిచ్చాడు.

ఆ రోజు రానే వచ్చింది. మస్తానన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని కారు పక్కన నిలబడ్డాడు. ఆసామి వీడియోలు తీసే స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ వీడియోల పెద్దమనిషి వచ్చీ రాగానే పక్క సీట్లో కూలబడ్డాడు. "మస్తాన్, నువ్వు సామాను తీసుకోని వెనక ఆటోలో రా" అన్నాడు ఆసామి. ఎంత తేలిగ్గా అన్నాడో! నేను కుట్టిన సీటది. ఎవరి కోసం కుట్టానో నాకు తెలుసు. ఉండబట్టలేక నేనూ ఆటో ఎక్కాను. దారి పొడవునా ఆ కారు లేపిన దుమ్ము తిన్నాం. ఆయన తెల్ల చొక్కా ఎర్రబడిపోయింది.

"ఏమన్నా, నోరు లేదా నీకు?"

"చూడమ్మా, బండి ఎట్ల పోతాందో! శానా బాగ పోతాంది" అన్నాడాయన, కారు మీంచి చూపు తిప్పకుండా.

దిబ్బ ఇంకో అరమైలు ఉందనగా రేడియేటరు మరిగి కారు ఆగింది. మస్తానన్న పైపు బిగించి, "అరగంట చల్లారల్ల సార్" అన్నాడు. ఆ అరగంటా ఆసామి కారుకు ఆనుకుని ఫోజులిచ్చాడు. "దీన్ని నా చేతుల్తో నేనే బాగు చేసుకున్నా" అని వీడియోలో చెప్పుకున్నాడు. గ్రీజు చేతుల మనిషి పక్కనే నిలబడి ఉండగా! తర్వాత ఎండకు తాళలేక, "ఆ రాళ్లగుట్టలో ఏముంది చూసేదానికి? చల్లారితే వెనక్కి పోదాం" అన్నాడు.

నేను మస్తానన్న దగ్గరికి జరిగి, "ఇంకో గంట పడుతుందని చెప్పన్నా. అంతలో ఆటోలో పోయొద్దాం" అని గొణిగాను. ఆయన రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. దిబ్బ వైపు చూశాడు.

"చల్లారింది సార్. పోదాం."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిరుగుదారిలో, "ఒక్క అబద్ధం చెప్పింటే ఏం పోయేదన్నా?" అని ఏడ్చినంత పని చేశాను.

"బండి చల్లారింది కదమ్మా" అన్నాడు. చొక్కా దుమ్ము దులుపుకుంటూ, "అబద్ధం ఎందుకు? మాటిచ్చినావు కదా సార్ అని అడిగింటే సరిపోతాండె. నోరు రాలే" అన్నాడు.

నాకు మాత్రం వచ్చిందా? ఆటోలో అంత ఎగిరిన నోరు ఆసామి ముందు పడిపోయింది. మస్తానన్న మీదకన్నా నా మీదే నాకు కోపం ఎక్కువ. ఆ వానలకు దిబ్బ మునిగింది. అది మళ్లీ తేలేలోపే మస్తానన్న పోయాడు.

ఇప్పుడు ఆసామి కొడుకు కారు పంపాడు. ఈ ఏడు నీళ్లు బాగా తగ్గాయి, దిబ్బ తేలిందని చేపలు పట్టేవాళ్లు చెప్పారు. సీట్ల పని ఈ మధ్యాహ్నమే అయిపోయింది. ఇంకో పది రోజులు పడుతుందని చెప్పి, ఒక రోజు కారు అటు తిప్పుకొస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచనతోనే ఆ అబ్బాయికి ఫోను చేశాను. అబద్ధానికి నాలుక తిరగలేదు.

"సార్, సీట్లు అయిపోయినాయి. బండి తీసుకపోవచ్చు" అన్నాను. "ఒక మాట సార్. ఈ బండిని లేపిన మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోని వాళ్ల ఊరి దిబ్బ కాడికి తీసుకపోతానని మీ నాయన మాటిచ్చినాడు. తీసుకపోలేదు. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆ సీట్లో నేను కూర్చుంటా. వాళ్లమ్మకు ఈ బండి చూపించల్ల. ఎప్పుడు పోదాం?"

ఈసారి జవాబు వినకుండా వదలదలచుకోలేదు. నేను ఫోను పెట్టలేదు.