నలభై తొమ్మిది నుంచి అరవై నాలుగు దాకా

మా పల్లెలో పుస్తకం చదివే మనిషి ఒక్కతే. రొయ్యల షెడ్డులో తలలు తీసే రోజారమణక్క. నేనూ చదువుతాను గాని, లోకం మీద కోపం వచ్చినప్పుడే చదివేవాణ్ణి లెక్కలోకి తీసుకోకూడదు.

కోట ఊరి దగ్గరున్న షెడ్డుకు ఆడవాళ్లను తీసుకుపోయే వ్యాను నడిపేది నేనే. పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు. రోజారమణక్క చదువంతా అందులోనే. రోజంతా ఐసునీళ్లలో నాని వేళ్ల కొసలు ముడతలు పడతాయి, కాగితం పట్టు దొరకదు. అందుకని జడపిన్నుతో పేజీలు తిప్పుతుంది.

"మే రోజా, రేపు రొయ్యల రేటెంతో రాసుందా అందులో?" అని వెనక సీట్లోంచి అంకాలమ్మ దెప్పుతుంది.

"అది లేదు గాని, పక్కోళ్ల పుస్తకంలోకి తొంగిచూస్తే మెడ పట్టుకుంటదని రాసుంది, చూస్కో."

మా ఊళ్లో ఒక గ్రంథాలయం ఉంది. ఉంది అంటే, బోర్డు ఉంది. హరినాథన్న తన తల్లి పేరు మీద కట్టించాడు. రిబ్బన్ కత్తిరించినప్పటి ఫోటో ఇప్పటికీ ఆయన హాల్లో వేలాడుతోంది. చూసుకునే పిల్ల పెళ్లయి వెళ్లిపోగానే గదికి తాళం పడింది. తర్వాత అందులోకి ఆయన రొయ్యల గుంటల మేత బస్తాలు చేరాయి. అది జరిగి నాలుగేళ్లు.

రోజారమణక్క అప్పుడు ఒక మూడు భాగాల నవల చదువుతోంది. రెండు భాగాలు అయిపోయాయి. రెండో భాగం చివర్లో నాయిక పడవెక్కి, ఎటు పోతుందో ఎవరికీ చెప్పకుండా తెడ్డు చేతికి తీసుకుంటుంది. మూడో భాగం బస్తాల వెనక ఉండిపోయింది. నాలుగేళ్లుగా ఆ మనిషి తెడ్డు పట్టుకుని అట్లాగే కూర్చుని ఉందని అక్క దిగులు. నెలకోసారి పోయి తాళంచెవి అడిగేది. "బస్తాలు ఖాళీ కానీమ్మా" అనేవాడు హరినాథన్న. బస్తాలు ఖాళీ అయ్యేవి. కొత్తవి వచ్చేవి.

ఎన్నికల్లో ఓడిపోతే కొందరికి బీపీ వస్తుంది. హరినాథన్నకు కవిత్వం వచ్చింది. 'ఉప్పుగాలి నా ఊపిరి' అని నెల్లూరులో వెయ్యి కాపీలు అచ్చు వేయించాడు. కోట కల్యాణ మండపంలో ఆవిష్కరణ, ఆరుగురు వక్తలు, బిర్యానీ. వేదిక మీద ఒక శ్రామిక మహిళ కూడా ఉంటే పేపర్లో ఫోటో నిండుగా వస్తుందని లెక్చరర్ కిషోర్ బాబు సలహా ఇచ్చాడు.

"పుస్తకం గురించి నాలుగు ముక్కలు మాట్లాడు రోజా. నలుగురి ముందే తాళంచెవి నీ చేతిలో పెడతా" అన్నాడు హరినాథన్న.

ఈ ఒప్పందంలో ఆయన చేసిన తప్పు ఒక్కటే. పుస్తకాన్ని ఆమె చేతికి వారం ముందే ఇచ్చాడు.

మూడో రోజు వ్యాను దిగకుండా ఆగిపోయింది అక్క. "సుబ్బూ, ఇది చూడరా."

నలభై తొమ్మిదో పేజీ. 'పౌర్ణమికి రొయ్య పాత పెంకు విడుస్తుంది. మెత్తబడిన ఒంటితో అడుగున దాక్కుంటుంది. ఆ రెండు రోజులు మేత తగ్గించండి.' అరవయ్యో పేజీలో 'పక్కగుంట వల తెచ్చి మీ గుంటలో వేయకండి.' అరవై నాలుగు దాకా అదే వరస. అరవై అయిదు నుంచి మళ్లీ ఉప్పుగాలి.

నాకు విషయం అర్థమై స్టీరింగ్ మీద పడి నవ్వాను. మేత కంపెనీ వాళ్లు పంచిన రొయ్యల జబ్బుల పుస్తకం కూడా ఆ ప్రెస్సులోనే అచ్చయింది. పదహారేసి పేజీల కట్టలు పేర్చి కుట్టేటప్పుడు, రెంటిలోనూ నాలుగో కట్ట తారుమారైంది. పేజీ నంబర్లు సరిపోయాయి కాబట్టి కుట్టేవాళ్లకు అనుమానం రాలేదు. కవికి కూడా రాలేదు.

"నోరు మూసుకుని పొగిడేసి తాళం తెచ్చుకో అక్కా."

"చదివినానని చెప్పి, చదవనట్టు మాట్లాడేదెట్టరా?"

అయినా మర్యాదగా ముందే చెబుదామని ఆయనింటికి పోయింది. ఆయన ఫ్లెక్సీలో తన ముఖం ఎంత పెద్దదుండాలో ఫోనులో తేలుస్తున్నాడు. "పుస్తకంలో తప్పు పడిందన్నా" అని ఈమె అనగానే, "ఉండనీలేమ్మా, దిష్టి తగలకుండా" అని పంపేశాడు.

సభ రోజు మొదటి నలుగురు వక్తలు పుస్తకం తప్ప అన్నిటి గురించీ మాట్లాడారు. అయిదోవాడు కిషోర్ బాబు. అక్కడికక్కడే సెల్లోఫేను కాగితం చింపి, పుస్తకం సరిగ్గా మధ్యకు తెరిచి, గొంతు వణికించాడు.

"'ఒకటి చస్తే మిగిలినవి దాన్ని తింటాయి!' మిత్రులారా, ఇంతకన్నా మన సమాజాన్ని ఎవరు చెప్పగలరు? 'చచ్చినదాన్ని వెంటనే తీసి దూరంగా పూడ్చండి!' ఇది కవి ఇచ్చిన పిలుపు!"

చప్పట్లు మారుమోగాయి. హరినాథన్న మొదట కనుబొమలు ముడిచాడు. చప్పట్లు ఆగకపోయేసరికి లేచి నిలబడి చేతులు జోడించాడు.

తర్వాత రోజారమణక్క. ఎదురుగా బల్ల మీద, శాలువా పళ్లెంలో తాళంచెవి ఉంది. అక్క దాన్ని ఒకసారి చూసి జడపిన్ను తీసింది.

"హరినాథన్నా, పన్నెండో పేజీలో మీ అమ్మ పులుసు కాచే పాట రాసినారు. షెడ్డులో గుర్తొచ్చి ఏడ్చినా. మిగతావాటిలో సముద్రం అని చానాసార్లు ఉంది గాని, యాడా తడి తగల్లా. ఇప్పుడీ సారు చదివినవి మీయి కావు. నలభై తొమ్మిది నుంచి అరవై నాలుగు దాకా రొయ్యల జబ్బుల పుస్తకం."

తర్వాత వాన మొదలైనట్టు చప్పుడు. రెండు వందల మంది ఒకేసారి సెల్లోఫేను చింపుతున్నారు. మా మండలంలో అంతమంది ఒకేసారి పుస్తకం చదవడం అదే మొదలు.

"నేనది ప్రయోగమనుకున్నాను" అన్నాడు కిషోర్ బాబు.

హరినాథన్న పళ్లెంలోని తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. శాలువా మాత్రం కప్పాడు. ఫోటోగ్రాఫరు వచ్చేశాడు మరి.

తిరిగి వచ్చేటప్పుడు, "పోయిందిగా అక్కా?" అన్నాను.

"పోనీరా" అంది. ఊరొచ్చేదాకా చేతిలో పుస్తకం ఉన్నా తెరవలేదు.

ఆ నెలలోనే గుంటలకు తెల్లమచ్చ జబ్బు వచ్చి రొయ్యలు చచ్చాయి. సభలో బిర్యానీ కోసం కూర్చున్న ముత్యాలయ్య, అరవయ్యో పేజీలో ఉన్నట్టు, పక్కవాడి వల అరువు తేవడం మానేశాడట. అందువల్లనో, అదృష్టంవల్లనో, ఆయన గుంట నిలిచింది. అంతే. "అన్నా, నీ పుస్తకం ఒకటియ్యి" అని బుచ్చిరెడ్డిపాలెం నుంచి కూడా మనుషులు బండ్లేసుకుని వచ్చారు. మేత బస్తాతో ఉచితంగా ఇచ్చిన జబ్బుల పుస్తకం వాళ్లందరి ఇళ్లలోనూ ఉంది. దాంట్లో నలభై తొమ్మిది నుంచి హరినాథన్న కవితలున్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఎవరూ తెరవలేదు కదా.

పుస్తకాల కట్టలు గ్రంథాలయం గదిలోనే ఉన్నాయి. రోజుకు పదిసార్లు తలుపు తీసి ఇవ్వలేక హరినాథన్న ఒకరోజు నా వ్యాను ఆపాడు. తాళంచెవి కిటికీలోంచి అక్క ఒళ్లో పడేశాడు.

"పాఠకుల తాకిడి తట్టుకోలేకపోతున్నా రోజా. సాయంత్రం పూట నువ్వే చూసుకో."

ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే అన్నాడు.

ఇప్పుడు మా గ్రంథాలయం సాయంత్రం రెండు గంటలు తెరిచే ఉంటుంది. వచ్చినవాళ్లు మెట్ల మీదే ఆ పదహారు పేజీలు చింపుకుని, మిగతాది అక్కడే వదిలిపోతారు. అక్క పన్నెండో పేజీని ఒకదాన్ని గోడకు అంటించింది.

మొదటి రోజు బస్తాలు జరిపింది నేనే. మూడో భాగం దొరికింది. అట్ట చెదలు తిన్నాయి, లోపల బాగుంది. మేత బస్తా మీద కూర్చుని రెండు సాయంత్రాల్లో చదివేసింది. మూడోనాడు నేను ఆగలేక అడిగాను.

"ఏమైందక్కా, ఒడ్డుకు చేరిందా ఆమె?"

"చేరినాది గాని, చివర్న రాసినాయన కంగారు పడినాడ్రా. ఇంకో వంద పేజీలు ఉండాల్సింది" అని జడపిన్ను నోట్లో పెట్టుకుని, చేతులు తుడుచుకుంటూ లేచింది. "ఆ మూలనున్న బస్తా కూడా జరుపు. దాని వెనక ఏముందో చూద్దాం."