సాంచెల కింది దూదిలో పుంటికూర

రుద్రంగి దగ్గర ఎర్ర చెలకల ఊరు మాది. పెళ్ళయి సిరిసిల్లకు వచ్చాక సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడుకు తొందరగానే అలవాటు పడ్డాను గానీ, ఇంటి ముందు పిడికెడు మట్టి లేకపోవడం మాత్రం వెలితిగానే ఉండేది. మా అద్దె గదికి ముందు బండలు, వెనుక గోడ. మా ఆయన కార్ఖానాలో సాంచెలు నడిపేవాడు. నేను ఇంట్లో దారం కండెలు చుట్టేదాన్ని.

ఒక వానాకాలం ఆర్డర్లు లేక ఆ కార్ఖానా మూతపడింది. కొన్నాళ్ళు చూసి ఆయన సాంచెల పనికి మహారాష్ట్రలోని భివండి బస్సెక్కాడు.

"పని కుదరంగనే నిన్ను గూడ తీస్కపోత. రంది పెట్టుకోకు" అన్నాడు.

రంది ఎలా ఉండదు? చేతులకు ఏదో ఒక పని కావాలని, తల్లిగారింటి నుంచి సంచెడు ఎర్రమట్టి తెచ్చుకుని పగిలిన బకీటులో పోసి పుంటికూర, అదే గోంగూర, విత్తనాలు చల్లాను. మొలిచి, వేలెడంత పెరిగి ఆగిపోయాయి. చేనులో అంత గుల్లగా ఉండే మట్టి బకీటులో ఇటుకలా బిగిసిపోయింది. పోసిన నీళ్ళన్నీ అంచుల వెంట జారిపోయేవి.

ఒకరోజు కార్ఖానా వెనుక, సాంచెల కింద ఊడ్చి పోసిన దూది కుప్ప మీద టమాటా మొక్క ఒకటి నవనవలాడుతూ కనిపించింది. ఎవరూ పెట్టింది కాదు, నీళ్ళు పోసేవాళ్ళూ లేరు. ఆ దూది సంచిలో నింపుకుని వచ్చాను. మొదట ఒట్టి దూదిలోనే విత్తితే అది తడిసిన బొంతలా నీళ్ళు పట్టుకుని, మొలకలు మొదట్లోనే కుళ్ళిపోయాయి.

పక్క గది అవ్వ తొంగిచూసి నవ్వింది. "ఏం బిడ్డా, మొక్కలకు పరుపేసినవా?"

నాకూ నవ్వొచ్చింది. ఈసారి పాలిస్టర్ దారాలు ఏరిపారేసి, దూదిలో ఆవుపెండ కలిపి మాగనిచ్చాను. అది నల్లగా పొడిపొడి అయ్యాక ఎర్రమట్టి, కొంచెం ఇసుక కలిపాను. చేతిలోకి తీసుకుంటే తేలికగా, చల్లగా ఉంది. అందులో పుంటికూర గుబురుగా లేచింది. మొదటి కోత అవ్వకే ఇచ్చాను.

చలికాలంలో ఆయన ఫోన్ చేశాడు. "పని కుదిరింది, రూము దొర్కింది. అచ్చెయ్."

సామానుతో పాటు బకీటూ పట్టుకెళ్తే బస్సు క్లీనర్ ఆపాడు. "అక్కా, భివండిల మన్ను దొర్కదా?"

"దొర్కుతది తమ్మీ. గిది నేను తయారుచేసుకున్న మన్ను."

అతను నవ్వి, దాన్ని సీటు కింద సర్దిపెట్టాడు.

భివండిలో మాది మేడ మీద గది. ముందున్న వరండాలో ఎండ బాగా పడేది. పక్క గదిలో కోరుట్ల నుంచి వచ్చిన జంట ఉండేది. బకీటు చూడగానే ఆ ఇంటామె మొహం వెలిగిపోయింది. "అక్కా, గిది మన పుంటికూరనే గదా!" అంది. ఆ రోజు రెండిళ్ళకూ కలిపి పప్పులో వేశాను. మా ఆయన తిని, మళ్ళీ పెట్టమన్నాడు. మర్నాటి నుంచి పని దిగి వచ్చేటప్పుడు సంచిలో దూది తేవడం మొదలుపెట్టాడు. వరండా అంతా డబ్బాలు, బకీట్లు. ఒక దాంట్లో మెంతికూర, ఇంకో దాంట్లో పుదీనా.

సిరిసిల్లలో మళ్ళీ సాంచెలు నడిచాక మేం తిరిగొచ్చేశాం. బకీట్లన్నీ ఆ కోరుట్ల ఆమెకే ఇచ్చాను. మొన్న ఫోన్ చేసి వాటిలో వంకాయలు కాశాయని ఎంతో సంబరంగా చెప్పింది.