ఉరుకుందమ్మ హాస్టల్లో నల్లులు

కర్నూల్లో కె.సి. కాలువకు దగ్గరగా ఒక సందులో రెండంతస్తుల మేడ ఉంది. దానికి బోర్డు లేదు. అయినా ఆటోవాళ్లందరికీ అది ఉరుకుందమ్మ హాస్టల్ అని తెలుసు. టీచరు ఉద్యోగానికి కోచింగ్ తీసుకునే రోజుల్లో నేను అక్కడే ఉన్నాను.

ఉరుకుందమ్మది పత్తికొండ అవతల ఒక పల్లె. పెళ్లయిన కొత్తలోనే భర్త నాగన్నతో కలిసి కర్నూలు వచ్చేసింది. నాగన్న ఆటో నడిపేవాడు. ఈమె ఒక మెస్సులో అంట్లు తోమడానికి చేరింది. తర్వాత కూరగాయలు తరిగింది, ఆ తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చింది. మెస్సు నడిపే వెంకటలక్ష్మమ్మ అనే పెద్దావిడకు మోకాళ్లు పట్టేసి లేవలేని స్థితి వచ్చినప్పుడు, "ఇంక నువ్వే చూసుకోవే" అని గరిటె ఈమె చేతికిచ్చింది. అన్నానికి వచ్చే ఆడపిల్లలు, పైన గదులు ఖాళీగానే ఉన్నాయి కదా, మమ్మల్ని ఉండనివ్వు ఆంటీ అని వెంటపడ్డారు. అలా మెస్సు కాస్తా హాస్టలైంది.

పొట్టి మనిషి. కొంగు ఎప్పుడూ నడుముకు చుట్టే ఉండేది. కింద వంటింట్లో నిలబడి పిలిస్తే పై అంతస్తులో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయిందని తనే చెప్పేది. పేదింటి పిల్ల కదా, అందరిలాగే పనికి పంపి ఉంటారులే అనుకునేవాళ్లం.

కర్నూలు పేరు చెబితే అందరికీ ఎండే గుర్తొస్తుంది. కానీ వానలు పడి, కాలువ నిండుగా పారే నెలల్లో మా సందు ఇంకో ఊరిలా ఉండేది. గోడలు చెమ్మ పట్టేవి. బట్టలు ఆరేవి కావు. బాత్రూం తూములోంచి బొద్దింకలు మీసాలు ఆడిస్తూ బయటికొచ్చేవి. చింతపండు డబ్బాకు చీమల బారు, బియ్యానికి ముక్కుపురుగు, పొద్దు గూకేసరికి దోమలు. ఉరుకుందమ్మ వీటితో కోపం తెచ్చుకోకుండానే పోరాడేది. తూముకు జల్లెడ బిగించేది, బియ్యంలో వేపాకు కలిపేది. ఎవరైనా కెవ్వుమంటే, "వాటికీ ఒక ఇల్లు కావాల కదమ్మా. మన ఇల్లు కాకుంటే సరి" అని నవ్వుతూ చీపురు తీసుకొచ్చేది.

నల్లుల విషయంలో మాత్రం ఆమె నవ్వలేదు.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోయి అందరం తిరిగొచ్చాం. ఒక పొద్దున మా గదిలో శ్రీవాసవి నిద్ర లేచి చెయ్యి చూసుకుంటే మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రటి దద్దుర్లు, వరసగా కుట్టుమిషను వేసినట్టు. ఆమెది కోయిలకుంట్ల. వాళ్ల నాన్న వాసుదేవ్‌కు అక్కడ బట్టల కొట్టుంది. సున్నితమైన పిల్ల. పైగా బ్యాంకు పరీక్ష దగ్గర పడి సగం ప్రాణంతో ఉంది. దోమలే అనుకున్నాం. కానీ పరుపు అంచు తిప్పి చూస్తే కుట్ల మడతలో చింతగింజ రంగు పురుగు ఒకటి మెల్లగా నడుస్తోంది.

"నల్లి!" అని ఎవరో అరిచారు.

ఆ తర్వాత ప్రతి గదిలోనూ పరుపులు తిరగబడ్డాయి. ఎవరు తెచ్చారన్న ప్రశ్న కూడా వెంటనే పుట్టింది. ఎవరూ పేరు చెప్పలేదు, కానీ అందరి చూపులూ శివాని వైపు తిరిగాయి.

శివాని మా గదిలో కొత్తగా చేరిన పిల్ల. నర్సింగు చదువుతోంది. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చింది. నాయన గోపన్న, అమ్మ ఇద్దరూ కూలివాళ్లు. పంట పనులు లేని నెలల్లో పత్తి తీతకు, మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోతారు. మా వైపు దాన్ని సుగ్గికి పోవడం అంటారు. శివాని వచ్చినప్పుడు ఒక రేకుపెట్టె, పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చుకుంది. ఆ పొద్దు ఎవరో ఆ బొంతను చీపురు కట్టతో ఎత్తి మెట్ల మీద పడేశారు. శివాని గోడకు ఆనుకొని చూస్తూ నిలబడింది.

ఉరుకుందమ్మ పిండి చేతులతోనే పైకి వచ్చింది. మెట్ల మీద బొంతను చూసింది. దాన్ని రెండు చేతులతో తీసి, పిల్లల పక్కబట్టలు మడిచినట్టు మడిచి చంకలో పెట్టుకుంది.

"ఇదెవరు పారేసినారు?"



"ఆంటీ, దాంట్లోనే ఉన్నాయి నల్లులు. మీకూ ఎక్కుతాయి" అంది శ్రీవాసవి ఏడుపు గొంతుతో.

"ఎక్కనీ. నాకేం కొత్త కాదు" అంది ఉరుకుందమ్మ. "ఎవరు తెచ్చినారో నాకు అక్కరలేదు. యాడుండాయో, అది కావాల. ఆదివారం ఎవరూ ఊర్లకు పోకూడదు. అందరి పరుపులూ మేడ మీదికి ఎక్కాల. ముందు నాది."

ఆదివారం ఎండ బాగా కాసింది. ఉరుకుందమ్మ తన పరుపును తనే ఈడ్చుకుంటూ మేడెక్కింది. ఆమె వెనక మేం. కింద పెద్ద గంగాళాల్లో నీళ్లు మరుగుతున్నాయి. బట్టలన్నీ వాటిలో వేసి కర్రతో తిప్పాం. నాగన్న చెక్కమంచాలు విప్పి కీళ్లలో సలసల కాగే నీళ్లు పోస్తుంటే, సందుల్లోంచి నల్లులు కుప్పలుగా రాలాయి. ప్రతి గదిలో మంచానికీ అదే పరిస్థితి. శివాని రాకముందు నుంచీ ఎవరూ వాడని మూలగదిలో కూడా ఉన్నాయి. అది చూసి కొందరు మాటలు తగ్గించారు. కొందరు మాత్రం శివాని బకెట్టు ముట్టుకోకుండా పక్కనుంచి పోతూనే ఉన్నారు.

మర్నాడు మందు కొట్టే జయకుమార్ వచ్చాడు. గదుల మూలమూలలా కొట్టి, వెళ్తూ వెళ్తూ, "ఇప్పుడు పెద్దవి పోతాయమ్మా, గుడ్లు పోవు. అవి పగిలి పిల్లలొచ్చినాక మళ్లీ ఒకసారి కొట్టాల. అందాకా కుడితే కంగారు పడద్దండి" అని చెప్పిపోయాడు. ఆ మాట మేం సరిగ్గా చెవికెక్కించుకోలేదు. నల్లులు పోయాయనే అనుకున్నాం.

ఆ వారంలోనే వాసుదేవ్ గారు కారులో వచ్చారు. చదువుకున్న మనిషి, మర్యాదస్తుడు. వరండాలో కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అమ్మా, మీ వంట గురించి గానీ మీ గురించి గానీ మా పాప ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ అమ్మాయిని వేరే ఎక్కడైనా సర్దండి. లేదంటే మా పాపను తీసుకుపోవాల్సి వస్తుంది."

"నీ బిడ్డ చెయ్యి నేనూ చూసినా, అన్నా. శానా బాధ పడుతాంది. నువ్వు తీస్కపోతానంటే నేను అడ్డం రాను. బాగైనాక మళ్లీ పంపు. ఆ పాపను మాత్రం పంపను. ఆయమ్మకు తీస్కపోనీకి కారుతో వచ్చేవాళ్లు ఎవరూ లేరు."

 వాసుదేవ్ గారు కూతురు పెట్టె డిక్కీలో పెట్టించారు. శ్రీవాసవి ఉరుకుందమ్మ వైపు చూడకుండానే కారెక్కింది. ఆమెను చూసి పై అంతస్తులో ఇంకొందరు పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నం భోజనాలకు బెంచీలు బోసిగా కనిపించేవి. ఉరుకుందమ్మ కూర ఎప్పటంతే వండేది. మిగిలింది నాగన్న సందులోవాళ్లకు పంచేవాడు.

జయకుమార్ చెప్పినట్టే కొద్ది రోజులకు మళ్లీ కుట్టడం మొదలైంది. ఈసారి ఎవరూ అరవలేదు. శివాని మంచం పక్కనున్న అమ్మాయి తన మంచాన్ని కిటికీ వైపు లాక్కుంది, అంతే.

ఆ మధ్యాహ్నం శివాని భోజనానికి రాలేదు. గదిలో చూస్తే మంచం మీద దుప్పటి నీటుగా పరిచి ఉంది. రేకుపెట్టె లేదు. నేను కిందికి పోయి చెప్పాను. ఉరుకుందమ్మ పొయ్యి ఆపేసింది.

"ఏమయ్యా, ఆటో తీ. బస్టాండుకు" అంది. నన్నూ ఎక్కమంది.

బస్టాండులో ఆదోని బస్సులు ఆగే చోట సిమెంటు బెంచీ మీద శివాని ఒళ్లో పెట్టె పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది. ఉరుకుందమ్మ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"యాడికి పోతాండావు?"

"ఊరికి, పెద్దమ్మా."

"ఊర్లో ఎవరుండారు? మీ అమ్మానాయన సుగ్గికి పోయినారు కదా."

"అవ్వ ఉండాది."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

శివాని తల అడ్డంగా ఊపింది. "ఎవరూ ఏమీ అనలేదు పెద్దమ్మా. నేను కూర్చుంటే జరుగుతాండారు. నావల్లే అందరికీ కష్టం. నేను పోతే మళ్లీ అందరూ వచ్చేస్తారు."

ఒక బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కారు.  ఆ గోల తగ్గేదాకా ఉరుకుందమ్మ శివాని పెట్టె పిడి మీద చెయ్యి వేసి ఉంచింది.

"నేను నాలుగుతోనే ఏంటికి నిలిచిపోయినానో తెలుసా నీకు?" అంది తర్వాత. "మేమూ సుగ్గికి పోయేవాళ్లమే. కళ్లం పక్కన గుడిసెల్లో పండుకునేది. నల్లులు అంటే నల్లులు! ఊరికొచ్చినాక బడికి పోయినా. నా పావడా మీద ఒకటి పాకుతాంటే పక్కన పిల్ల చూసింది. అయ్యవారు తిట్టలే పాపం. రేపు ఉతుక్కోని రామ్మా అన్నాడు, అంతే. ఆ పిల్ల పలక తీసుకోని అవతలికి జరిగింది. దాని పక్కది ఇంకా జరిగింది. చాప మీద నేనొక్కదాన్నే మిగిలినా."

శివాని ఆమె ముఖంలోకి చూసింది.

"మర్నాడు అమ్మకు కడుపునొప్పి అని చెప్పినా. ఆ మర్నాడు ఏం చెప్పినానో గుర్తు లేదు. ఇంట్లో ఎవరూ బడికి పొమ్మనలే. చేన్లో ఇంకొక మనిషి కలిసొచ్చె కదా. ఆ పొద్దు ఎవరన్నా ఇంటికొచ్చి, రామే అని చెయ్యి పట్టుకోని లాగింటే పోయేదాన్నే నేను. శానా రోజులు వాకిట్లో చూసినా. ఎవరూ రాలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ కోసం నేనొచ్చినా. లెయ్ ఇంక."

శివాని పెట్టె మీద తల పెట్టి ఏడ్చింది. ఉరుకుందమ్మ ఓదార్చలేదు. వీపు మీద చెయ్యి వేసి, ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

నాగన్న ఆటో ఆపి వచ్చి అక్కడే నిలబడి ఇదంతా విన్నాడు.

"ఇన్నేండ్లలో నాకెప్పుడూ చెప్పలేదే ఈ మాట" అన్నాడు.

"నువ్వెప్పుడు అడిగినావు?" అంది ఆమె.

నాగన్న పెట్టె తీసుకుని ఆటో వైపు నడిచాడు. తిరిగి వస్తున్నంతసేపూ అద్దంలోంచి భార్యను చూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఉరుకుందమ్మ మా గదిలోకి వచ్చి, కిటికీ దగ్గరికి జరిగిన మంచాన్ని తనే తోసి మళ్లీ శివాని మంచం పక్కన పెట్టింది. ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు. ఆ అమ్మాయి తల వంచుకుని, కాసేపటికి శివానికి తన దువ్వెన ఇచ్చింది. ఇంకేం చేయాలో తోచక ఇచ్చినట్టుంది.

జయకుమార్ రెండోసారి వచ్చి మందు కొట్టాడు. గోడ పగుళ్లకు నాగన్న సిమెంటు పూశాడు. బాగా పాడైన చెక్కమంచాలు పొయ్యిలోకి పోయాయి. వాటి బదులు ఇనుపమంచాలు వచ్చేదాకా కొందరం నేల మీద చాపలు వేసుకుని పడుకున్నాం. చలికాలం వచ్చేసరికి దద్దుర్లు మానిపోయాయి. ఖాళీ అయిన గదులు మాత్రం వెంటనే నిండలేదు. నల్లుల హాస్టలని సందు చివర కొట్టుదాకా పేరు పడిపోయింది. ఆ ఏడు ఉరుకుందమ్మకు కష్టంగానే గడిచింది.

వేసవిలో శ్రీవాసవి తిరిగొచ్చింది. వచ్చిన రోజే నన్నూ శివానినీ మేడ మీదికి తీసుకుపోయి, చాలాసేపు తటపటాయించి చెప్పింది. తను ఊరికి తీసుకుపోయిన పెట్టెతో పాటు నల్లులు వాళ్లింటికీ చేరాయట. పైన ఇల్లు, కింద కొట్టు. బట్టల కొట్లో నల్లులని బయటికి పొక్కితే ఇంకేమైనా ఉందా? వాళ్లమ్మ భయంతో పనిమనిషిని కూడా మాన్పించిందట. ఎవరిని అడగాలో తెలియక శ్రీవాసవి గది తలుపు వేసుకుని ఉరుకుందమ్మకు ఫోను చేసింది.

"ఆంటీ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు" అంది శ్రీవాసవి. "నీళ్లు ఎట్లా కాచాలో, ఏ గది ముందు చేయాలో, అన్నీ చెప్పింది. రోజూ తనే ఫోను చేసి అడిగేది. మా అమ్మతో కూడా మాట్లాడింది."

అన్ని నెలలు మా మధ్యే తిరుగుతూ ఉరుకుందమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. శ్రీవాసవి నోరు విప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. శివాని అంతా విని, "చెయ్యి తగ్గిందా?" అని అడిగింది. శ్రీవాసవి చెయ్యి చాపి చూపించింది. మచ్చలు మాత్రం కొద్దిగా మిగిలాయి.

ఇప్పుడు శివాని కడపలో ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్లమ్మానాయన ఇంకా సుగ్గికి పోతూనే ఉన్నారు. మానమంటే వినరని విసుక్కుంటుంది. నాకు ఉద్యోగం బద్వేలు దగ్గర వచ్చింది. మొన్న సెలవుల్లో కర్నూలు పోయినప్పుడు రైతుబజారులో ఉరుకుందమ్మ కనిపించింది. వంకాయలు ఏరుతోంది. హాస్టలు మళ్లీ నిండిందట. నాగన్న ఆటో మానేసి మెస్సు చూసుకుంటున్నాడట.

"అంతా బాగుండాది గానీ" అంది, పుచ్చు వంకాయ ఒకటి పక్కన పెడుతూ, "ఈ పావురాలతోనే సచ్చిపోతాండా. మేడ మీద వడియాలు పెట్టనీయవు. మీ బద్వేలు పక్క ఏం చేస్తారమ్మా వీటికి?"

నాకు తెలియదన్నాను. తెలుసుకుని ఫోను చేయమని చెప్పి, సంచీ భుజాన వేసుకుని టమాటాల వైపు పోయింది.