ఎడమ చంకన బిందె

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతూ మార్కాపురంలో యోగా నేర్చుకుంటున్నాను. జిల్లా జట్టు సెలక్షన్ మూడు వారాల్లో ఉంది. చేతుల మీద తలకిందులుగా పది సెకన్లు నిలబడాలి. నేనేమో మూడో సెకనుకే ఎడమ పక్కకు ఒరిగి దబ్బున పడేదాన్ని.

యోగా మేడమ్ గోడ కసరత్తులు ఇచ్చింది. గోడకు వీపు పెట్టి వంగి, చేతులు నేలకానించి, పాదాలతో గోడెక్కాలి. పైకి పోయాక భుజాలు చెవులకు తగిలేదాకా నేలను నెట్టాలి. మా పెరటి గోడ నిండా నా పాదాల గుర్తులే. కుడి భుజం చెప్పినట్టు వినేది, ఎడమది మొండికేసేది.

ఒకరోజు మేడమ్ నా వెనక నిలబడి చూసి, బిందె ఏ చంకన మోస్తావని అడిగింది. ఎడమ చంకనే, ఎనిమిదేళ్ళప్పటి నుంచీ. త్రిపురాంతకం దగ్గర మా ఊరికి ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిందంటే ఇరవై బిందెలు, అమ్మ పది, నేను పది. సెలక్షన్ అయ్యేదాకా బిందె ముట్టుకోవద్దంది మేడమ్.

చదువైపోయి ఖాళీగా ఉన్న అన్నను ఈ మూడు వారాలు మోయమన్నాను. మంచం మీద ఫోను చూసుకుంటున్నవాడు తల కూడా ఎత్తలేదు. నాయన నవ్వాడు.

"మగపిల్లోడు చంకన బిందె పెట్టుకొని పోతే ఊరు నవ్వదా?"

అన్న బండి మీద తాగే నీళ్ళ క్యాన్ తెచ్చేటప్పుడు లేని నామోషీ బిందెకు ఎక్కడినుంచి వచ్చిందో! నాయన సంగతి సరే, అమ్మ కూడా వాడి పక్కే మాట్లాడింది. కడుపు మండిపోయింది. భుజం నొప్పంటే నీకేం తెలుసని అరిచి, అమ్మను పెరట్లోకి లాక్కుపోయి, గోడకు ఆనించి నిలబెట్టి చేతులెత్తమన్నాను.

నా నోరు మూయించడానికే ఎత్తింది. కుడి చెయ్యి చెవి పక్కగా పోయి గోడకు తగిలింది. ఎడమది కంటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా ఎత్తమన్నాను. పళ్ళు బిగబట్టింది గాని అది కదల్లేదు.

"అదింతేలే. నువ్వు పుట్టకముందు నుంచి ఇట్లే ఉంది."

అటక మీది డబ్బా దించమని నన్ను పిలిచినప్పుడల్లా బద్ధకమనుకుని విసుక్కున్నాను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి చూడలేదు. అన్నను నిలదీద్దామని లోపలికి పోబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"గొడవెందుకు? నీ బిందెలు గూడ నేనే తెస్తాలే. నువ్వు నీ గోడ కాడ ఉండు."

సెలక్షన్‌లో పన్నెండు సెకన్లు నిలబడ్డాను. అన్న అప్పటి నా ఫోటో స్టేటస్ పెట్టుకున్నాడు, మా చెల్లి అని. నాయన ఊరంతా చెప్పుకున్నాడు. వాళ్ళ మీద కోపం ఎట్లాగూ పోదు. కానీ ఆ మూడు వారాలు ఇరవై బిందెలూ అమ్మే మోసింది. పెరట్లో నేను తలకిందులుగా ఉంటే, ఆమె పాదాలు నా పక్కనుంచే వస్తూ పోతూ ఉండేవి. నేను దిగలేదు.