బుగ్గన చింతగింజ

మా పెద్దమ్మ పోయింది. మా అమ్మకు సొంత అక్క. పుంగనూరులో మేం చింతపండు కొట్టే షెడ్డుకు పెద్ద. కుప్పం నుంచి ఆమె కోడలు, మా తమ్ముడి భార్య ఫోన్ చేసి, "అత్త పోయింది వదినా, తెల్లారి కాఫీ తాగి పండుకునింది, మళ్ళా లేయలేదు" అని చెప్పినప్పుడు నా చేతిలో సుత్తి ఉంది. చెప్తే ఏమనుకుంటారో గానీ, రాతి మీదున్న కాయను కొట్టి, గింజ తీసి, అప్పుడే సుత్తి కింద పెట్టాను. సగం పని వదిలి లేవకూడదని నేర్పింది ఆమే.

ఇవాళ పొద్దున షెడ్డులో ఆమె ఫోటోకు దండ వేశారు. నాలుగు మాటలు చెప్పమని అందరూ నన్నే అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. "సచ్చిపోయినా కోపం పోలేదేమో దీనికి" అని వెనక ఎవరో గొణిగారు. గొణగనీ. అందుకే మూలన కూర్చుని ఇది రాస్తున్నాను.

చలి తగ్గి ఎండ మొదలవుతూనే శాంతిపురం, కలకడ, గుర్రంకొండ తట్టు నుంచి కాయ మా ఊరికి దిగుతుంది. పెంకు ఒలిచి, రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి, ఈనె లాగి, గింజ తీసి ముద్ద కడతాం. పెద్దమ్మ చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఇది కుప్పం కాయ, ఎర్రమట్టిది" అనేది. తప్పింది నేనైతే చూడలేదు. పులుపుకు వేళ్ళు పగులుతాయని పొద్దున్నే అందరి చేతులకూ ఆముదం పోసేది. పోస్తూనే తిట్టేది. ఆ తిట్లు ఇక్కడ రాస్తే మీరు ఇంతటితో చదవడం ఆపేస్తారు.

నా మొగుడు నన్నొదిలి బెంగళూరులో ఇంకో కాపురం పెట్టినప్పుడు మా అమ్మ ఇంట్లో పది దినాలు దుప్పటి కప్పుకుని పడుకున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ నా తల నిమిరి, ఏడ్చి, టీ తాగి పోయారు. పెద్దమ్మ వచ్చి దుప్పటి లాగేసింది.

"వాడు పోయినాడు సరే. నీ చేతులు గూడా తీసకపోయినాడా?"

"నాకు బతకాలని లేదు పెద్దమ్మా."

"రేపు కాయ ఎక్కువొస్తాది. ఎల్లుండి సావచ్చులే, లెయ్."

ఆ మాటకు ఏడుస్తూ నవ్వాను. మరునాటి నుంచి షెడ్డులో ఉన్నాను. ఇప్పటికీ ఉన్నాను.

షెడ్డులో ఆమె పెట్టిన చట్టం ఒకటుంది. సాయంత్రం ఒక్కొక్కరి ముద్దనూ అందరి ముందర విరిచి చూసేది. గింజ దొరికితే దాన్ని మన అరచేతిలోనే పెట్టేది. మరునాడు షెడ్డులోకి అడుగు పెట్టినప్పటి నుంచి పని దిగేదాకా దాన్ని బుగ్గన పెట్టుకుని కూర్చోవాలి. ఒక గింజకు ఒక దినం. మాట్లాడకూడదు. అన్నానికి తీయొచ్చు, తిన్నాక మళ్ళీ పెట్టుకోవాలి. మొదట కాస్త పులుపు ఉంటుంది, తర్వాత ఏ రుచీ ఉండదు. దవడ గుంజుతుంది. షెడ్డుకు కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఉబ్బిన బుగ్గ చూసి ఎవరు తప్పు చేశారో పట్టేస్తారు. నాకు మూడోనాడే పడింది. ముద్దలు కొనే మండీ నుంచి వచ్చినాయన నా పేరేంటని అడిగితే నేను నోరు తెరవలేక చొంగ కార్చాను. అందరూ పగలబడి నవ్వారు. "నవ్వినోళ్ళకు రేపుంటాది" అంది పెద్దమ్మ. నిజంగానే మరునాడు ఇద్దరి బుగ్గలు ఉబ్బాయి.

ఆమె ముద్దలను మాత్రం విరిచేవాళ్ళు లేరు. ఎవరికుంది ఆ ధైర్యం?

నిరుడు ఆమెకు షుగర్ ముదిరి వేళ్ళ కొనలు మొద్దుబారాయి. సూది గుచ్చినా తెలియదు, ఇంక గింజ ఏం తెలుస్తుంది! ముద్దలు మండీలోకి మోసేది నేను. తలుపు చాటున ఆమె ముద్దలు విప్పి, మిగిలిన గింజలు తీసి, మళ్ళీ నొక్కి పెట్టేదాన్ని. ఏడాది పొడుగునా అలాగే చేశాను. ఎవరికీ చెప్పలేదు. షెడ్డు గోడ పక్కన ఆమె కూర్చునే ఆ చోటు తప్ప ఆమెకు లోకం లేదని నాకు తెలుసు.

తర్వాత ఆ దినం వచ్చింది. కొత్తగా చేరిన పిల్ల జ్వరంతో వణుకుతూ బుగ్గన గింజతో కూర్చుంది. చూడలేక, "ఒక గింజకేముంది పెద్దమ్మా, పోనీ" అన్నాను. పెద్దమ్మ సుత్తి ఆపింది.

"పోనీ అనేది నీకు అలవాటే గదమ్మా. కడుపులోవి రెండూ పోనిస్తివి."

ఇరవైమంది ఆడవాళ్ళు విన్నారు. నాకు రెండుసార్లు ఆరో నెలలోనే పోయింది. రెండుసార్లూ మదనపల్లె ఆస్పత్రిలో నా పక్కనున్నది ఈ పెద్దమ్మే. రెండోసారి ఆ చిన్న గుడ్డమూటను చేతుల్లో పెట్టుకుని బయటకు నడిచింది కూడా ఆమే. ఆ నోటితో ఆ మాట అంది.

సాయంత్రం ఆమె గంపను మండీలోకి మోయలేదు. షెడ్డు నడిమధ్యన దించి, అందరి ముందర కూర్చుని ఒక్కొక్క ముద్దా విరిచాను. నా పక్కన కూర్చునే సాయబుల అక్క నా చెయ్యి పట్టుకుని, "వద్దమ్మా, ముసలామె, ఉండనీ" అని బతిమాలింది. చెయ్యి విదిలించుకున్నాను. మూడు గింజలు దొరికాయి. పెద్దమ్మ లేచి వచ్చి అరచేయి చాపింది. నేను మూడూ పెడతాననుకుని చాపింది. నేను ఒకటే పెట్టాను.

"ఒకటి సాలు పెద్దమ్మా. తక్కిన రెండూ పోనీ. పోనిచ్చేది నాకు అలవాటే గదా."

ఆ రెండూ గింజల కుప్పలోకి విసిరేశాను. ఎంత హాయిగా ఉండిందో! ఇప్పుడు దాచి ఏం లాభం, ఉండింది. పెద్దమ్మ కుప్ప దగ్గరికి పోయి, వంగి, రెండు గింజలు ఏరుకుని కొంగున ముడేసుకుంది. ముసలిదానికి మతి పోయిందనుకున్నాను.

మరునాడు వచ్చింది. బుగ్గన గింజతో గోడ పక్కన కూర్చుని పొద్దుగూకేదాకా కాయ కొట్టింది. అన్నానికీ తీయలేదు. ఆ మరుసటి దినం తమ్ముడు వచ్చి కుప్పం తీసుకుపోయాడు. మళ్ళీ షెడ్డు మెట్టు ఎక్కలేదు. కాలికి పుండు లేచిందని, మానడం లేదని కబురు వచ్చింది. కుప్పానికి బస్సులుండాయి. నేను పోలేదు. నేనెందుకు పోవాల, ఆమే పిలవనీ అని కూర్చున్నాను. రెండు నెలలు కూర్చున్నాను. పోయినాకే పోయాను, నోట్లో బియ్యం వేయడానికి.

అంతా అయిపోయాక తమ్ముడి భార్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"వదినా, అత్త ఈడికొచ్చినాక రెండు దినాలు నోరు తెరవలేదు. బుగ్గ వాసి ఉండాది. పన్ను నొప్పేమో అనుకొని లవంగం ఇచ్చినా, వద్దనింది. రెండోనాడు పొద్దుగూకినాక నోట్లోంచి గింజ తీసి కడిగి పెట్టుకునింది. యాల అత్తా అంటే, 'మూడు దొరికినాయి, మూడు దినాలు. పోనిచ్చేదానికి అదెవురు?' అనింది."

మరదలు వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"ఏడాదిగా నువ్వు గింజలు తీసేది గూడా ఆమెకు తెలుసంట. 'ముద్ద మీద నొక్కు నాది కాదు, దానిది. నాకు తెలీదా? అది గట్టిదే, నేను చేసిన మనిషే' అనింది."

"నన్ను అన్న మాట గురించి ఏమన్నా..."

"ఏమీ అనలేదు వదినా."

అనదు. ఆమె సంగతి నాకు తెలియదా! తెలిసీ ఎందుకడిగానో. మరదలు అలమర మీదున్న పసుపు డబ్బా వెనక నుంచి చిన్న గుడ్డముడి తీసి నా చేతిలో పెట్టింది. విప్పితే రెండు చింతగింజలు, కడిగినవి, నల్లగా మెరుస్తున్నాయి.

"పోయే ముందర దినం ఇచ్చింది. 'ఇవి దానివి, ఇయ్యి. ఒకటి ముసలిదాన్ని సూడను రాలేదని. ఇంకోటి నామీద జాలిపడిందని' అని చెప్పమనింది."

ఇవాళ షెడ్డులోకి అడుగు పెట్టేటప్పుడు నేను మొదటి గింజ బుగ్గన పెట్టుకున్నాను. అందుకే ఫోటో ముందర ఎవరెంత అడిగినా మాట్లాడలేదు. ఇది రాస్తున్నంతసేపూ అది ఎడమ బుగ్గలోనే ఉంది, ఏ రుచీ లేదు, దవడ గుంజుతోంది. పని దిగడానికి ఇంకా రెండు గంటలుంది. రెండోది కొంగున ఉంది, రేపటికి.