పీకినవాళ్ల పేరు

విత్తనాల్లేని మొక్కల పాఠం చెప్పిన మా బాటనీ మేడమ్ ఫెర్న్ ఆకును తెంపేవారు కాదు. పక్కన కూర్చుని, ఒక్క వేలితో ఎత్తి, అడుగున గోధుమరంగు చుక్కలున్నాయేమో చూసి వదిలేసేవారు. ఆ చుక్కల్లోని సిద్ధబీజాలతోనే దాని సంతతి పుడుతుంది. జాతిని గుర్తుపట్టేదీ ఆ చుక్కలతోనే.

మొక్కల సేకరణకు మమ్మల్ని తలకోన అడవికి తీసుకెళ్లినప్పుడు "ముదురాకు ఒకటి సాలప్పా, వేరు ముట్టద్దండి" అని మరీ మరీ చెప్పారు. వేళ్లతో సహా షీటు మీద అతికిస్తే మార్కులెక్కువని సీనియర్లు చెప్పారు. సెలయేటి గట్టంతా పీకేశాం.

వారం తర్వాత తిరుపతి ల్యాబులో, పేపర్ల మధ్య ఆరిన మా మొక్కలన్నీ మేడమ్ తిరగేశారు. ఒక్క ఆకు కిందా చుక్క లేదు. అన్నీ లేతవే.

"ఇది ఏ జాతో నేనుగూడా సెప్పలేను. బిడ్డలు పుట్టకముందే సంపేసినారు గదా! మొక్క పేరు కాడ ఏమీ రాయద్దండి. పీకినోళ్ల పేరు రాయండి, సాలు."

ప్రాక్టికల్ పరీక్షకు బయటినుంచి వచ్చిన పెద్దమనిషి మొక్కల వేళ్లు చూసి అందరికీ నిండా మార్కులు వేశాడు. మొక్కల పేర్లెందుకు లేవని కూడా అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడా పాఠం నేను చెబుతున్నాను. మొదటిరోజే ఆ షీటు చూపిస్తాను. ఏం మొక్క సార్ అని పిల్లలు అడుగుతారు. దాని మీద ఉన్నది నా పేరొక్కటే.